నిమ్మాకు మీద పాకింది పాము కాదు



మన వంటశాల వెనక, చేతులు కడుక్కునే కుళాయిల నీళ్లు పారే కాలువ గట్టున ఆరు నిమ్మమొక్కలు ఉన్నాయి. నాటి రెండేండ్లు కాలేదు. ఇంకా మన నడుమెత్తు కూడా రాలేదు. అవి కాపుకొస్తే ఊరగాయకు నిమ్మకాయలు కొనే పని ఉండదని వంట చేసే అక్క అంటా ఉంటాది. ఈ వ్యాసం ఆ ఆరు మొక్కల గురించే. వాటిని ఉంచాలా, పీకాలా, మందు కొట్టాలా అనేది ఈ ఆదివారం తేలాల. అందుకని అందరూ ఓపిగ్గా చదవండి. చార్టు సరిపోక అక్షరాలు చిన్నవి చేసినాను, ఏమనుకోవద్దు.

సంగతి ఎట్లా మొదలైంది?

తొలకరి వానలు పడినాక మొక్కలు బాగా చిగురేసినాయి. వారం తిరక్కముందే ఆ లేతాకులు వంకర్లు తిరిగి ముడుచుకున్నాయి. ఆకు మీద వెండి రంగులో మెలికలు మెలికలుగా గీతలు పడినాయి. ఆరో తరగతి తమ్ముళ్లు చూసి, రాత్రిపూట పాము చెట్టెక్కి పాకింది, అవి దాని జాడలే అన్నారు. ఆ ఆకు తగిలితే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయని ఇంకొకరు కలిపినారు. అంతే, నీళ్లు పోసే వంతు వచ్చినవాళ్లు బకెట్ దూరంగా పెట్టి పారిపోవడం మొదలుపెట్టినారు. తప్పు వాళ్లది కాదు. రైతులు కూడా దీన్ని 'పాముపొడ' అనే పిలుస్తారు. పేరు వింటే ఎవరికైనా భయమే కదా!

పెద్ద తరగతుల అన్నలు రెండు ఉపాయాలు చెప్పినారు. ఒకటి, రోగం మొక్కలు పీకేసి కాల్చేయడం. రెండోది, పత్తికి కొట్టే మందు తెచ్చి కొట్టడం. నేను వార్డెన్ సారు దగ్గరికి పోయి, కొన్ని దినాలు ఆగండి సార్, చూసి చెప్తానని అడిగినాను. "దసరా సెలవుల దాకా చూడు. చూసిందంతా రాసి గోడ మీద పెట్టు. అందరూ చదివినాక నిర్ణయం చేద్దాం" అన్నారు. ఆ గడువు ఈ వారంతో అయిపోతాది.

జాడ చదవడం

మాది నల్లమలలో, ఆత్మకూరు వైపు చెంచుగూడెం. మా నాయన అడవిలో దారి పట్టి పోయేటప్పుడు కిందికి చూస్తా నడుస్తాడు. జాడ కనపడితే మూడు ప్రశ్నలు వేస్తాడు. ఎవరు పోయినారు? ఎటు పోయినారు? ఎప్పుడు పోయినారు? ఈ మూడూ తెలియకుండా అడుగు ముందుకు వేయనియ్యడు. నేను నిమ్మాకు ముందర కూర్చొని అవే మూడు ప్రశ్నలు వేసుకున్నాను.

ఒక ఆకు తెంచి ఎండకు అడ్డంగా పట్టి చూసినాను. గీత ఆకు నడిమి ఈనె పక్కన మొదలయింది. అక్కడ అది వెంట్రుకంత సన్నం. మెలికలు తిరిగే కొద్దీ వెడల్పు అవుతా పోయింది. ఆకు అంచుకు చేరేసరికి మొదట్లో కన్నా ఎన్నో రెట్లు వెడల్పు. ఇక్కడే పాము సంగతి తేలిపోయింది. పాము ఆకు పొడవునా పాకేలోపల లావెక్కదు కదా! దారి నడుస్తా నడుస్తా పెరిగేది ఏదో ఈ గీత గీసింది. సన్నగా ఉండేది మొదలు, వెడల్పుగా ఉండేది చివర. ఎటు పోయిందో అట్లా తెలిసింది.

వేలితో రుద్దితే గీత పోలేదు. అంటే అది ఆకు మీద లేదు, ఆకు లోపల ఉంది. గోటితో మెల్లగా గీరితే ఉల్లిపొర కన్నా పల్చని చర్మం లేచింది. ఆ చర్మానికీ ఆకుకూ మధ్య ఖాళీ. ఆ ఖాళీలో గాలి ఉండబట్టే గీత వెండి మాదిరి మెరుస్తా ఉంది. గీత నడుమ నల్లటి దారం మాదిరి ఒకటి కనపడింది. అది పురుగు రెట్ట. తిన్నది తిన్నట్టు వెనక్కి వదులుకుంటా పోయింది.

సైన్సు రూములో భూతద్దం అడిగి తెచ్చి గీత చివర చూసినాను. అక్కడ ఉంది దొంగ! లేత పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగు, బల్లపరుపు ఒళ్లు, కాళ్లు లేవు. బాగా పెరిగినది కూడా మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో. తాజా గీతల్లోనే పురుగు ఉంది. పాతబడి గోధుమరంగుకు తిరిగిన గీతలు ఖాళీ. ఎప్పుడు పోయింది అనే మూడో ప్రశ్నకు అదే జవాబు.

దీని పుట్టుపూర్వోత్తరాలు

దీన్ని మన వ్యవసాయ పుస్తకాల్లో 'ఆకు తొలుచు పురుగు' అంటారు. శాస్త్రీయ నామం ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. ఇది పరదేశం నుంచి వచ్చింది కాదు, మన ఆసియా ఖండం పురుగే. 1856లో స్టెయింటన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త కలకత్తా నుంచి వచ్చిన పురుగులను చూసి దీని గురించి మొదట రాసి పేరు పెట్టినాడు.

మనం ఆకులో చూసేది దీని పిల్లదశ, అంటే లార్వా. తల్లి ఒక రెక్కల పురుగు. దీపం చుట్టూ తిరిగే పురుగుల జాతి, పుస్తకంలో చిమ్మట అని ఉంటుంది. ఎంత ఉంటుందో తెలుసా? రెక్కలు ముడుచుకొని కూర్చుంటే కొర్రగింజంత, రెండు మిల్లీమీటర్లు. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగు మిల్లీమీటర్లు. వెండి తెలుపు రంగు, ముందు రెక్కల చివర ఒక్కో నల్ల చుక్క. పగలు ఆకుల కింద దాక్కుంటుంది. పొద్దుగూకినాక, తెల్లవారుజామున తిరుగుతుంది. అందుకే మనలో ఎవరమూ దాన్ని చూడలేదు.

తల్లి పురుగు లేతాకు మీద, ఎక్కువగా అడుగు వైపు ఈనె పక్కన, ఒక్కో గుడ్డు విడివిడిగా పెడుతుంది. గుడ్డు మంచుబొట్టు మాదిరి తెల్లగా, కంటికి ఆననంత చిన్నది. పిల్ల గుడ్డులోంచి బయటికొస్తూనే ఆకు చర్మం కిందికి దూరుతుంది. దాని నోరు చిన్న కత్తెర లాంటిది. ఆకు కణాలను కోసి అందులోని రసం తాగుతా ముందుకు జరుగుతుంది. పెరిగే కొద్దీ మూడుసార్లు కుబుసం విడుస్తుంది. నాలుగో దశకు వచ్చినాక తినడం మానేస్తుంది. ఆకు అంచుకు చేరి, నోట్లోంచి పట్టుదారం తీసి, అంచును తన మీదికి దుప్పటి మాదిరి మడుచుకుంటుంది. ఆ మడతలో నిద్రపోయి రెక్కలతో లేస్తుంది. వేడి దినాల్లో గుడ్డు నుంచి రెక్కల దాకా రెండు మూడు వారాలు చాలు. చలికాలంలో ఎక్కువ పడుతుంది.

ముఖ్యమైన మాట ఒకటి. ఏ ఆకులో దూరిందో ఆ ఆకులోనే దాని బాల్యం అంతా. ఇంకో ఆకుకు పోదు. మన చేతికి, ఒంటికి ఏమీ చేయదు. దద్దుర్లు రావు. నేను ఇన్ని దినాలుగా రోజూ ముట్టుకుంటున్నాను, నా చేతులు చూసుకోండి.

ఆకు ఎందుకు ముడుచుకుంటుంది?

లేతాకు ఇంకా పెరుగుతా ఉంటుంది. పురుగు తొలిచిన చోట ఆకు పెరగడం ఆగిపోతుంది. తొలవని చోట పెరుగుతానే ఉంటుంది. ఒక పక్క ఆగి, ఒక పక్క సాగితే వంకర పోక ఏమవుతుంది? ఒకే అంచున దారం బిగించి కుట్టిన గుడ్డ ముడుచుకున్నట్టే ఇదీ.

ముదురాకుల జోలికి ఈ పురుగు పోదు. వాటి చర్మం గట్టిది, పిల్ల పురుగు తొలచలేదు. అందుకే పెద్ద చెట్లకు దీనివల్ల నష్టం తక్కువ. పెద్ద చెట్టుకు ముదురాకులు వేలకొద్దీ ఉంటాయి, పది చిగుర్లు పోయినా దానికి లెక్కలేదు. పులివెందుల వైపు తండా నుంచి వచ్చిన మన ఎనిమిదో తరగతి తమ్ముడు చెప్పినాడు, వాళ్ల పక్క చీనీ తోటల్లో కూడా పాముపొడ వస్తుందంట. నిమ్మ, చీనీ, నారింజ అన్నీ ఒక కుటుంబమే కాబట్టి పురుగూ ఒకటే. నర్సరీ మొక్కలకు, మన వాటి మాదిరి చిన్న మొక్కలకు మాత్రం దెబ్బ ఎక్కువ. వాటికి ఉండేవే నాలుగు చిగుర్లు!

నేను చేసిన తప్పు

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాయకపోతే వ్యాసం అబద్ధం అవుతుంది. వార్డెన్ సారుకు కూడా ఇది ఇప్పుడే తెలుస్తుంది.

గీతలు కనపడిన మొదటి వారంలోనే, ఎవరికీ చెప్పకుండా, కుళాయికి దగ్గరగా ఉండే మొదటి మొక్కకు వంకర ఆకులన్నీ తెంచేసినాను. చిగుర్లు కూడా గిల్లేసినాను. పురుగుంటేనే కదా రోగం, ఆకుతో పాటే పురుగూ పోతుంది అనుకున్నాను. తొందరగా కోలుకోవాలని వంటశాల బూడిద, పశువుల ఎరువు కూడా దానికే ఎక్కువ వేసినాను.

ఏమైందో చూడండి. గిల్లిన ప్రతి చోటా రెండు మూడు కొత్త చిగుర్లు ఒక్కసారి లేచినాయి. తక్కిన ఐదు మొక్కల ఆకులు అప్పటికి ముదిరిపోయినాయి. చుట్టుపక్కల తల్లి పురుగులకు లేతాకు దొరికేది ఈ ఒక్క మొక్క మీదే. అన్నీ దాని మీదే వాలినాయి. రెండోసారి వచ్చిన చిగురు మొదటిసారి కన్నా ఎక్కువ పాడయింది. నేను రోగం తీసేసినాను అనుకున్నాను, నిజానికి పురుగుకు విందు వడ్డించినాను.

తెంచకుండా వదిలేసిన ఐదు మొక్కల సంగతి చూడండి. వంకర ఆకులు వంకరగానే ఉన్నాయి. కానీ వాటిలో పచ్చదనం చాలామటుకు ఉంది. వంకర ఆకు కూడా ఎండను పట్టి చెట్టుకు అన్నం వండుతుంది. చూడ్డానికి బాగాలేదని పనిచేసే చేతిని నరుక్కుంటామా?

అసలు భయపడాల్సింది గజ్జికి

మొదటి మొక్కకు ఇంకో కష్టం వచ్చింది. దాని ఆకుల మీద గోధుమరంగు బుడిపెలు లేచినాయి. తడిమితే గరుకుగా ఉంటాయి. చుట్టూ పసుపు వలయం. దీన్ని గజ్జి తెగులు అంటారు. ఇది పురుగు కాదు, బాక్టీరియా. వానజల్లు, గాలి కలిసి వీచినప్పుడు ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు పోతుంది. ఆకుకు గాయం ఉంటే లోపలికి దూరడం దానికి చాలా సులువు. ఆకు తొలుచు పురుగు చేసేది గాయమే కదా! ఆకంతటా తలుపులు తీసిపెట్టినట్టు. మన ఊరగాయ నిమ్మకు గజ్జి అంటే బలే లొంగుబాటు. కాయ మీద కూడా వస్తుంది, అంగడిలో ఎవరూ కొనరు.

కాబట్టి పాముపొడ తనంతట తాను మొక్కను చంపదు. అది తెరిచిన దారిన వచ్చే గజ్జి అసలు నష్టం చేస్తుంది. రెండింటినీ వేరువేరుగా గుర్తుపట్టాల. వెండి గీత అయితే పురుగు. పసుపు వలయంలో గరుకు బుడిపె అయితే గజ్జి. ఆకును అంచు నుంచి కొరికి తినేసి ఉంటే అది మూడోది, నిమ్మ సీతాకోకచిలుక గొంగళి. చిన్నప్పుడు పిట్ట రెట్ట మాదిరి, పెరిగినాక పచ్చగా ఉంటుంది. ముట్టుకుంటే తల మీద ఎర్ర కొమ్ములు లేపి కంపు కొడుతుంది. దాన్ని చేత్తో ఏరేయవచ్చు.

సీసాలో చూసిన వింత

అంచు మడిచిన ఆకులు నాలుగు తెచ్చి, ఖాళీ జాం సీసాలో వేసి, మూతికి పల్చని గుడ్డ కట్టి, నా ట్రంకు పెట్టె పక్కన పెట్టినాను. రూములో అందరూ సాక్షులు. కొన్ని దినాలకు రెండు మడతల్లోంచి వెండి రెక్కల పురుగులు వచ్చినాయి. మూడో దాంట్లో ఏమీ రాలేదు. నాలుగో మడతలోంచి రెక్కల పురుగు కాకుండా, చీమ కన్నా చాలా చిన్న, మెరిసే కందిరీగ వచ్చింది!

అది ఎట్లా వచ్చింది? తల్లి కందిరీగ, ఆకు లోపల ఉండే పురుగును వెతికి, దాని మీదనో పక్కనో గుడ్డు పెడుతుంది. కందిరీగ పిల్ల ఆ పురుగును తిని పెరుగుతుంది. మన నిమ్మమొక్కలకు మనకు తెలియకుండానే కాపలావాళ్లు ఉన్నారన్నమాట. సాలీళ్లు, చీమలు, అల్లిక రెక్కల పురుగు పిల్లలు కూడా ఈ పురుగును తింటాయి.

ఈ కాపలా విలువ దేశాలకు దేశాలే తెలుసుకున్నాయి. 1993లో మన పురుగు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో కనపడింది. అక్కడ నారింజ తోటలు చాలా ఎక్కువ. పురుగు పోయింది గానీ దాని శత్రువులు వెంట పోలేదు. ఏడాది తిరిగేసరికి రాష్ట్రంలో చాలామటుకు తోటలకు పాకింది. అప్పుడు వాళ్లు 1994లో ఆస్ట్రేలియా నుంచి అజీనియాస్పిస్ అనే చిన్న కందిరీగను తెప్పించి తోటల్లో వదిలినారు. అది పెట్టే ఒక్క గుడ్డు నుంచి కొన్ని పిల్లలు పుడతాయి. అంత దూరం నుంచి వాళ్లు తెప్పించుకున్న రకం కాపలా మనకు ఊరికే దొరికింది. మందు కొడితే ముందు చచ్చేది ఈ కాపలానే. ఆకు లోపల దాక్కున్న పురుగుకు మందు సరిగ్గా తగలదు, బయట తిరిగే కందిరీగకు నేరుగా తగులుతుంది.

పత్తి మందు సంగతి

మా చిన్నాయన పత్తి చేలో కూలికి మందు కొట్టడానికి పోయినాడు. ముఖానికి గుడ్డ లేదు, చేతికి తొడుగు లేదు. గాలి ఎదురు తిరిగింది. సాయంత్రానికి నోట్లోంచి నురగ, కండ్లు మసకలు, చేతులు వణుకు. రెండు దినాలు ఆస్పత్రిలో ఉండి బతికినాడు. ఇప్పటికీ ఎండలో ఎక్కువసేపు పని చేయలేడు. అందుకే అన్నలు పత్తి మందు అనగానే నా గుండె ఝల్లుమంది.

ఇంకో సంగతి అందరికీ తెలియాల. 2013 జూలై 16న బీహార్‌లో సారణ్ జిల్లా గండామన్ గ్రామం బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయినారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. ఆ మందును కూరగాయల మీద వాడకూడదని 2005లోనే మన కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. చనిపోయినవాళ్లు మన మాదిరే బడిలో పళ్లెం పట్టుకొని వరసలో నిలబడినవాళ్లు.

మన నిమ్మమొక్కలకు నాలుగడుగుల దూరంలో గోంగూర మడి ఉంది. దాని పక్కనే కరివేపాకు చెట్టు. ఆ పక్కన వంటశాల కిటికీ. అక్కడ పిచికారీ చేస్తే మందు ఎక్కడ పడుతుందో మీరే చెప్పండి. మిగిలిన డబ్బా ఎక్కడ పెడతారు? సరుకుల గదిలోనే కదా! కొర్రగింజంత పురుగు కోసం అంత ప్రమాదం తెచ్చుకోవద్దని నా మనవి.

మరి ఏం చేద్దాం?

1. మొక్కలు పీకవద్దు. ఐదు బాగున్నాయి. మొదటిది కూడా బతుకుతుంది.

2. వంకర ఆకులు తెంచవద్దు. వానకాలంలో చిగుర్లు గిల్లవద్దు.

3. ఎరువు ఒకేసారి కుమ్మరించవద్దు. ఎక్కువ ఎరువు అంటే ఎక్కువ లేతచిగురు, ఎక్కువ పురుగు. కొంచెం కొంచెంగా వేద్దాం. మొదట్లోంచి నిలువుగా బలిసి లేచే కొమ్మలను మాత్రం తీసేద్దాం.

4. కొత్త చిగురు రెండు అంగుళాలు రాకముందే, లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లుదాం. దీనితో పురుగు మొత్తం పోదు, తగ్గుతుంది. మనకు అంతే కావాల. పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండాల.

5. గజ్జి పట్టిన కొమ్మలను వానలు ఆగినాక, ఆకులు పొడిగా ఉన్నప్పుడు కత్తిరించి కాల్చేద్దాం. తడి ఆకులను ముట్టుకొని ఇంకో మొక్కను ముట్టుకోవద్దు, రోగం మనమే మోసినట్టు అవుతుంది.

6. ఏ పురుగుమందు డబ్బా అయినా వంటశాలలో, సరుకుల గదిలో పెట్టకూడదని ఒక నియమం రాసి తలుపుకు అంటించమని వార్డెన్ సారును వేడుకుంటున్నాను.

మొదటి మొక్కకు నీళ్లు పోసే వంతు ఈ ఏడాదంతా నాకే రాసిపెట్టండి. దానికి కష్టం తెచ్చింది నేనే.

ఆరో తరగతి తమ్ముళ్లకు ఒక మాట. రేపు పొద్దున పళ్లు తోముకునేటప్పుడు ఒక వంకర ఆకును తెంచకుండానే ఎండకు ఎదురుగా వంచి పట్టి చూడండి. గీత సన్నగా యాడ మొదలయిందో, వెడల్పుగా యాడ ఆగిందో వేలితో చూపించండి. ఆగిన చోట పురుగు ఉంటే నన్ను పిలవండి, భూతద్దం ఇంకా నా దగ్గరే ఉంది. సైన్సు సారు శనివారం లోపల తిరిగి ఇచ్చేయమన్నారు.

— 9వ తరగతి విద్యార్థి